దిబ్బలపాలెంలో పురుగుల పిక్చర్

విజయనగరం జిల్లా పుట్టిన ఏడాది విశాఖపట్నం జిల్లా పురుగులకు పెద్ద చిక్కే వచ్చిపడింది. జూన్ నెలలో గీత గీశారు. గీతకు అవతల పడ్డ మనుషులకూ, పోలీసులకూ, తపాలా పెట్టెలకూ మీరిక ఫలానా జిల్లా అని కబురందింది. పురుగులకు చెప్పిన నాథుడు లేడు. అవి పాత జిల్లాలోనే ఎగురుతున్నాయి.

ఈ సంగతి లోకంలో ఇద్దరికే పట్టింది. ఒకరు ఆఫీసరు అర్జునరావుగారు. రెండోవాడు ఆయన కింద పనిచేసే నరసింహమూర్తి. చలికాలంలో జిల్లా పల్లెల్లో కనిపించే రెక్కల పురుగుల్ని నమోదు చెయ్యడం నరసింహమూర్తి ఉద్యోగం. దీపం చుట్టూ తిరిగి ప్రాణం మీదికి తెచ్చుకునేవే, మరేం కాదు. వానాకాలంలో అన్నం పళ్ళేలో కూడా పడే ఆ పురుగులు చలికాలంలో ఎక్కడికి పోతాయో తెలుసుకుంటే బాగుంటుందని పైన ఎవరికో తోచింది. తోచినాయన బదిలీ అయిపోయాడు, ఉద్యోగం మిగిలింది. అదీ టెంపరరీ.

"మూడేళ్ళుగా చలికాలం ఖాళీ మూర్తీ," అన్నారు అర్జునరావుగారు. "ఈసారీ ఖాళీ అయితే ఉగాదికి పోస్టు ఎత్తేస్తారు. పురుగులు కనిపిస్తే నిన్ను పర్మనెంటు చేయించే పూచీ నాది. ఒక్క మాట మాత్రం గుర్తుంచుకో. అటు విజయనగరం వాటిని తెచ్చి మన పుస్తకంలో రాశావో, నేను సంతకం పెట్టను."

గీత అంటే ఆయనకంత పట్టుదల ఎందుకో ఆఫీసులో ఎవరికీ అంతుబట్టలేదు. అటువైపు నుంచి వచ్చిన కాకిని కూడా ఆయన అదోలా చూసేవారు.

నరసింహమూర్తికి గీత గొడవ కాదు, బల్ల గొడవ. అతను గోదావరి వైపు నుంచి ఉద్యోగానికి వచ్చినవాడు. పాలకొల్లులో అతని బావమరిది కామరాజుకు రైసుమిల్లు ఉంది. మిల్లులో, తవుడు రాలే చోట, గోడవారగా ఒక బల్ల ఉంది. దాని మీద కూర్చుని బస్తాలు లెక్కపెట్టేవాడు చచ్చిపోయి రెండేళ్ళయింది. అప్పటినుంచీ కామరాజు ఎప్పుడొచ్చినా భోజనం దగ్గర, మజ్జిగ పోసుకుంటూ, "బల్ల ఖాళీగానే ఉంది బావా," అంటాడు. వయసులో ఏడేళ్ళు చిన్నవాడు, పెళ్ళిలో బావ కాళ్ళు కడిగినవాడు, వాడి ముందు తవుడు దులుపుకుంటూ లేచి నిలబడాలి. అంతకన్నా బంగాళాఖాతంలో దూకడం మేలని నరసింహమూర్తి మనస్ఫూర్తిగా నమ్మాడు. అతని భార్య తాయారు కూడా తమ్ముడి వైపు మాట్లాడదు. అది ఆమె మంచితనం.

విశాఖపట్నం పూర్ణా మార్కెట్టులో నాలుగు గజాల తెల్లగుడ్డ కొన్నాడు. గుడ్డ నిలువునా బిగించి, ఎదురుగా పెట్రోమాక్స్ లైటు పెడితే, చీకట్లో తిరిగే పురుగులు వచ్చి గుడ్డ మీద వాలతాయి. వాలినవాటిని చూసి రాసుకోవాలి. ఇంతకన్నా సులువైన పని ప్రభుత్వంలో మరొకటి లేదనుకున్నాడు.

డిసెంబరు మొదటివారంలో, కొత్త సరిహద్దుకు కూతవేటు దూరంలో ఉన్న దిబ్బలపాలెంలో, ఆఫీసు అటెండరు పైడయ్య గుడ్డను ఒక చివర వెదురుబొంగుకీ, రెండో చివర ఒక ఇంటి చూరుకీ కట్టాడు. పొద్దుగూకగానే లైటు వెలిగించాడు. అది బుస్సుమని అందుకుందో లేదో ఊరు ఊరంతా దిగింది. చాపలు, గోనెపట్టాలు, చంకన పిల్లలు. చూరు గల ఇంటి ముసలామె అసిరమ్మ, చుట్ట నిప్పు నోట్లోపలికి పెట్టుకుని, ముందు వరసలో కాళ్ళు బారజాపింది.

"ఏటి పిక్చరు బాబూ?"

"పిక్చర్ కాదండి. పురుగులు. రెక్కల పురుగులొచ్చి గుడ్డ మీద వాలతాయి, మేం చూస్తాం."

"పురుగుల పిక్చరంటర్రా!" అని ఆమె వెనక్కి తిరిగి కేకేసింది.

ఎవరూ ఆశ్చర్యపోలేదు. కిందటేడు ప్రభుత్వం వ్యాను వచ్చి ఇదే చోట, ఇలాంటి గుడ్డ మీదే దోమల పిక్చర్ వేసింది. అంతకుముందు ఎరువుల పిక్చర్ వేసింది. దోమ మీద తీసిన ప్రభుత్వం పురుగు మీద ఎందుకు తియ్యదు? నరసింహమూర్తి మళ్ళీ చెప్పాడు. చెవినబెట్టినవాడు లేడు. "పైడయ్యా, నువ్వైనా చెప్పవయ్యా," అని బతిమాలాడు.

"సెప్తే ఎల్లిపోతారేటి బాబూ?" అన్నాడు పైడయ్య. "కోతలైపోనాయి, పనేటీ లేదు. కూకోనీండి. సూత్తే అరిగిపోతాదేటి."

చాలాసేపు గుడ్డ తెల్లగానే ఉంది. జనం ఓపిగ్గా దాన్నే చూశారు. చివరికి ఎక్కణ్ణుంచో ఒక గోధుమరంగు పురుగు తూలుతూ వచ్చి గుడ్డ నడిమధ్య వాలింది.

"దిగినాది!" అంది అసిరమ్మ, చుట్ట తీసి.

ఊపిరి బిగబట్టారు. పురుగు నాలుగడుగులు నడిచింది. ఆగింది. రెక్కలు సవరించుకుంది. పాపం ఒంటరిది అన్నారు ఆడవాళ్ళు. మొగుడికోసం వెతుక్కుంటోందని ఒకావిడ పక్కావిడకి విడమరిచి చెప్పింది. నరసింహమూర్తి భూతద్దం తీసి మెల్లగా ముందుకు వెళ్ళాడు. "అడ్డు తప్పుకో!" అని వెనక వరసలవాళ్ళు గోల పెట్టారు. అతను వంగాడు. ఆ వంగిన క్షణంలోనే చూరులోంచి ఒక బల్లి దిగి, గుడ్డ మీదికి పాకి, తోక ఒక్కసారి ఆడించి, పురుగును గుటుక్కుమనిపించింది.

అలాంటి గోల దిబ్బలపాలెంలో మునుపెన్నడూ పుట్టలేదు. తాతబాబు అనే కుర్రాడు ఆవేశం పట్టలేక బల్లి మీదికి చెప్పు విసిరాడు. చెప్పు లైటుకు తగిలి లోపల వెలిగే మ్యాంటిల్ వత్తి రాలింది, చీకటైపోయింది. పిక్చర్ అయిపోయిందనుకుని అందరూ లేచి, కళ్ళు తుడుచుకునేవాళ్ళు తుడుచుకుంటూ, ఇళ్ళకు పోయారు. పురుగు ఏ జాతిదో నరసింహమూర్తి చూడనే లేదు. బల్లి కడుపులో ఉన్నదాన్ని కనిపించిందని రాయడానికి మనసొప్పక ఆ రోజు ఖాళీ అని రాశాడు.

అక్కడితో పోతే బాగుండేది. పోలేదు. పిక్చర్ పేరు అతనికన్నా ముందే బస్సెక్కి చోడవరం, మాడుగుల దాకా పోయింది. ఏ ఊళ్ళో గుడ్డ కట్టినా బళ్ళు కట్టుకుని జనం. "బల్లి సీనుందా?" అని ముందే అడిగేవారు. ఒక ఊళ్ళోనైతే, తీరా బల్లి లేకపోతే ఆట చెడుతుందని, తామే ఒకదాన్ని పట్టి బుట్ట కింద మూసి ఉంచారు. ఇంతమంది కూర్చుంటే ఇన్ని చుట్టలు వెలుగుతాయి. ఆ పొగకు పురుగన్నది ఆ ఛాయలకు రావడం మానేసింది. నటులు రాని పిక్చర్ ఎంతసేపు చూస్తారు? జనమే పూనుకున్నారు. అగ్గిపెట్టెల్లో పురుగులు పట్టి తెచ్చి, గుడ్డ ముందు విడిచిపెట్టడం మొదలుపెట్టారు.

"రాసుకోండి బాబూ, ఎనిమిదున్నాయి," అన్నాడు పైడయ్య.

"తెచ్చినవి రాయకూడదయ్యా. వాటంతట అవి రావాలి."

"మనం పిలవకుండా ఎవులొత్తారు బాబూ, ఈ సలిలో?"

జనవరి నెలాఖరుకు పుస్తకంలో ఖాళీ అన్న మాట తప్ప మరో మాట లేదు. రాత్రిళ్ళు కలలో బల్ల కనిపించేది. దాని మీద తవుడు దులిపి, ఎవరో ఒక దిండు కూడా వేశారు.

ఫిబ్రవరిలో అర్జునరావుగారు స్వయంగా తనిఖీకి బయల్దేరారు. జీపు నేరుగా దిబ్బలపాలెం వెళ్ళింది. సరిహద్దు రాయిని ఆయన చేత్తో తట్టి, అది ఉండాల్సిన చోటే ఉందని నమ్మకం కుదిరాకే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. ఊరంతా అప్పటికే కూర్చుంది. కొత్తాయనెవరని అడిగితే, పిక్చర్ ఓనరని తాతబాబు చెప్పాడు.

మంచు కురుస్తోంది. గుడ్డ మీద ఏమీ లేదు. అర్జునరావుగారు గడియారం చూసుకున్నారు, గుడ్డ చూశారు, నరసింహమూర్తిని చూశారు. నరసింహమూర్తి సిగ్గు విడిచి జనం వైపు తిరిగి చేతులు జోడించాడు.

"అమ్మా, అసిరమ్మగారూ, ఈ ఒక్క పూటకీ చుట్టలు ఆర్పించండమ్మా. పురుగు రాకపోతే నా ఉద్యోగం పోతుంది. మా బావమరిది మిల్లులో బల్ల మీద కూర్చోవాలి."

ముసలామె అతన్ని ఎగాదిగా చూసింది. నోట్లోంచి చుట్ట తీసి నేలకేసి నలిపింది. "ఆర్పండెహె!" అంది వెనక్కి. ఒక్కో నిప్పూ ఆరిపోయింది. నరసింహమూర్తికి ఏడుపొచ్చినంత పనయింది. ఈ జిల్లాలో అతని కోసం ఇంతమంది ఒకేసారి ఏ పనీ చెయ్యలేదు. అయినా పురుగు రాలేదు.

వచ్చింది లారీ. గుడ్డ పక్కనే కీచుమని ఆగింది. చలవ చేసిన తెల్ల లాల్చీ, తెల్లపంచెతో కామరాజు దిగాడు.

"పూర్ణా మార్కెట్టుకి తవుడు వేసుకొచ్చాను బావా. అక్కనడిగితే ఇక్కడున్నావంది, సరుకు దింపకుండానే వచ్చేశాను. రేపు సామాను కట్టేసుకుంటే ఈ లారీలోనే పోవచ్చు. ఊరికే కిరాయి దండగెందుకు?" అంటూ చుట్టూ చూశాడు. "ఇక్కడ పిక్చర్ వేస్తున్నారా?"

వెనక వరసలవాళ్ళు కూర్చోమని అరిచారు. కామరాజు కంగారుపడి అసిరమ్మ పక్కన చాప మీద చతికిలపడ్డాడు.

అప్పుడు కదిలాయి. ఎండలో ఒకరోజంతా కాగిన తవుడు బస్తాల్లోంచి, లైటు పడేసరికి, బూడిదరంగు పురుగులు ఒకటి, రెండు, తర్వాత గుంపుగా లేచాయి. తెల్లగుడ్డ మీద వాలాయి. అది చాలక, దానికన్నా తెల్లగా ఉన్న కామరాజు లాల్చీ మీద వాలాయి. జనం లేచి నిలబడి ఈలలేశారు. ఇన్నాళ్ళూ ఒకటీ అరా చూసిన కళ్ళకు ఇది పెద్ద పండగయిపోయింది. కామరాజు దులుపుకోబోతే అసిరమ్మ చెయ్యి పట్టుకుంది.

"కదలకు నాయనా, నీమీదే జరుగుతన్నాది కత."

కామరాజు కదలలేదు. జీవితంలో మొదటిసారి అతన్ని ఇంతమంది కళ్ళప్పగించి చూస్తున్నారు. మీసం సవరించుకుందామనుకుని, దాని మీద కూడా ఒకటి వాలి ఉండటంతో మానుకున్నాడు.

"మూర్తీ! రాయవయ్యా!" అర్జునరావుగారు కుర్చీలోంచి లేచిపోయారు. అంతలోనే అనుమానం వచ్చింది. "ఇవి విజయనగరం నుంచి రాలేదు కదా?"

"విజయనగరానివి మాత్రం కావండి," అన్నాడు నరసింహమూర్తి. ఇంత నిజం ఇంత ధైర్యంగా ఎన్నడూ చెప్పలేదు.

కలం తీశాడు. రాయబోయి ఆగాడు. పెళ్ళి మర్నాడు మిల్లు చూపించినప్పుడు ఆ బల్ల మీద ఈ పురుగులే పాకుతూ కనిపించాయి. రాసేస్తే ఉద్యోగం. రాసేస్తే ఇక బల్ల లేదు. అవి ఎక్కడివో తెలిసినవాళ్ళు తనూ, ఆ చాప మీద బిగుసుకు కూర్చున్నవాడూ. కానీ అగ్గిపెట్టె పురుగుల్ని రాయనివాడు బస్తా పురుగుల్ని ఏ ముఖంతో రాస్తాడు?

"పాలకొల్లువండి," అన్నాడు. "మావాడి తవుడు బస్తాల్లోవి. ఈ జిల్లావి కావు."

ఈలలు ఆగిపోయాయి. అర్జునరావుగారు మెల్లగా కుర్చీలో కూర్చుండిపోయారు. కలం మూత పెడుతూ, పాపం మూర్తి, అన్నట్టుగా తలాడించారు.

"అయితే ఏటి?" అంది అసిరమ్మ.

"అయితే ఏటంటావేంటమ్మా? ఇవి ఇక్కడివి కావు."

"ఈ రాసీ బాబు ఇక్కడోడేటి? గోదారోడు. రేసన్ కార్డు ఇవ్వనేదేటి మీరు? ఓటు రాయనేదేటి? పొట్టకూటికొచ్చినాడు, ఉన్నాడు, మనోడైపోనాడు. పురుగు సేసిన పాపమేటి?" ఆమె చుట్టకోసం తడుముకుని, ఆర్పిన సంగతి గుర్తొచ్చి మానుకుంది. "తమరిదే ఊరు బాబూ?"

అర్జునరావుగారు మంచులో, సరిహద్దు రాయి ఉన్న వైపు చూశారు.

"సెప్పండి బాబూ, తప్పేటి?"

"విజయనగరం," అన్నారాయన చాలా చిన్నగా. "కోట వెనకాల. మొన్న జూన్ దాకా ఈ జిల్లాయే."

ఎవరూ నవ్వలేదు. పైడయ్య కూడా నవ్వలేదు. ఒక పురుగు కామరాజు భుజం వదిలి, తూలుతూ వచ్చి, ఆఫీసరుగారి కోటు మీద వాలింది. ఆయన దాన్ని దులపలేదు.

"రాయి మూర్తీ," అన్నారు. "దిబ్బలపాలెంలో కనిపించాయి. నేను చూశాను."

నరసింహమూర్తి రాశాడు. అర్జునరావుగారు ఆ వెలుగులోనే సంతకం పెట్టారు. ఈలలు మళ్ళీ మొదలయ్యాయి. చూరులోంచి బల్లి దిగబోతే, తాతబాబు చెప్పు తీసేలోపే, అసిరమ్మ దాన్ని చేటతో అదిలించింది.

ఆట ముగిశాక కామరాజు లేచి, ఇంకా లాల్చీ దులుపుకోకుండానే, లారీ దగ్గరికి నడిచాడు. వెనకే పిల్లలు, మళ్ళీ ఎప్పుడొస్తావని అడుగుతూ. మెట్టెక్కి ఆగాడు.

"వచ్చే చలికాలానికి రెండు లారీలు తెస్తాను బావా," అన్నాడు. లాల్చీ మీది పురుగు వైపు చూసుకున్నాడు. "ఆ బల్ల ఉంది చూశావూ, దాని మీద తవుడు బస్తాలు వేయించేస్తానులే. పురుగు బాగా పడుతుంది."

నరసింహమూర్తి తలూపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మొదటిసారిగా, ఆనాడు కాళ్ళు కడిగిన ఆ కుర్రాడి మీద అతనికి నిజమైన ప్రేమ కలిగింది.