పలుచనైన లేపనము

పుష్యమాసమునందలి యొకానొక ప్రాతఃకాలమున గౌతమీతీరసీమ యంతయు మంచుచే నావరింపబడి కొబ్బరిచెట్ల శిరస్సులు మాత్రము పైకి దేలి మ్రాకులు కానరాకుండుటచే నా యాకుగుంపులు మొదలు లేక యాకాశమునుండి వ్రేలాడుచున్నట్లు తోచుచుండెను. పంటకాలువలో నెచ్చటనో బాతులమంద యొకటి కనబడకయే కలకలము సేయుచుండెను. ఆ మంచునడుమ పొన్నలంక గ్రామపు శివారుచేలయందు భూగర్భస్థమైన వాయువును వెలికిదీయుటకై త్రవ్వబడిన బావిపై నిలిచిన యినుపగోపురము తన దీపమాలికతో రాత్రి యింకను ముగియలేదని తానొక్కటియే వాదించుచున్నట్లుండెను.

ఆ గోపురపాదమందలి లోహవేదికపై మందాకిని నిలుచుండి బావిలోనికి దిగుచున్న గొట్టములను పరికించుచుండెను. యంత్రశాస్త్రమున పట్టభద్రురాలైన యామెకు గొట్టపుటతుకులు సరిగ బిగిసినవో లేవో పరీక్షించి యనుమతించుటయే యుద్యోగము. పెండ్లియై మాసము నిండలేదు. పసుపుపచ్చని శిరస్త్రాణము క్రింద నొక చేమంతిపూవు నలిగియుండెను. మోటైన చేదొడుగుల మాటున గాజులు గలగలలాడుచుండెను. భర్త యిచ్చిన మినపరొట్టెముక్క యరటియాకు పొట్లమున నొదిగి జేబులో వెచ్చగ నుండెను. ఆ వెచ్చదనము చేతికి దగిలినపుడెల్ల నామెకు నవ్వు వచ్చుచుండెను. అత్తవారియూరగు పొన్నలంకలో నామెను మొట్టమొదట మురిపించినది యింటిముంగిటి చేతిపంపు. చుట్టుప్రక్కల గ్రామములందెల్ల నుప్పునీరే యుబుకుచుండగ నిచ్చటి యిసుకపొరలో మాత్రము తియ్యని నీరుండెను. కాపురమునకు వచ్చిన దినమున నామె చెంబు దింపక మరల మరల త్రాగుట చూచి యత్తగారు మురిసి వీథివారికెల్ల చెప్పుకొనియెను.

బావిగొట్టము లా యిసుకపొరను జీల్చుకొనియే క్రిందికి దిగవలయును. ప్రతి గొట్టపు కొనయందును మరలు చెక్కబడియుండును. వానిని క్రిందిగొట్టపు తలకు తొడిగిన కాలరు అను నినుపపట్టలో నిలిపి యంత్రముతో త్రిప్పి బిగింతురు. ఎంత బిగించినను మరకును మరకును నడుమ వెంట్రుకవాసి సందు మిగులును. లోహచూర్ణమును కందెనతో చిక్కగ గలిపిన నల్లని లేపనమొకటి యా సందును పూడ్చును. పనివారు దానిని డోపు అందురు. ఆ చూర్ణము సందున నిలిచినయెడల వాయువునకు దారి లేదు. నిలువనియెడల గొట్టములో బంధింపబడిన వాయువు మరలవెంట సుడులు తిరిగి వెలుపలికి జారి మెల్లమెల్లగ పైకి ప్రాకి యా తియ్యనినీటిని జేరును.

గొట్టములు బిగించు పనివారికెల్ల మేస్త్రి బుల్లెబ్బాయి. అతడు మందాకిని భర్తయగు శశిభూషణునకు మేనమామ. ఈ సంబంధమును కుదిర్చినవాడు నతడే. గానుగవారి యింట బుట్టి పెరిగినవాడగుటచే కొబ్బరినూనెతో నయము కాని జబ్బును కదలని కీలును లోకమున లేవని నమ్మి తన మోకాలికిని మోటారుసైకిలు గొలుసునకును సమానభక్తితో దానినే పూయుచుండును. బిగించు యంత్రమును నడుపువాడు శశిభూషణుడు. ఆ దినము మొదటి గొట్టము బిగిసినంతనే మందాకిని వాడుకప్రకారము మేస్త్రిని సమీపించి లేపనమున నేమియు కలుపలేదుగదా యని యడిగియుండెను.

“అబ్బే, ఏం కలుపుతామమ్మాయ్. డబ్బా ఎలా వచ్చిందో అలాగే పూసేత్తన్నాం, ఆయ్” అని యతడు తల యూచెను. శశిభూషణు డప్పుడు ప్రక్కనే నిలుచుండి మంచులోనికి జూచుచుండెను.

అంతట మరికొన్ని గొట్టములు దిగిన పిమ్మట మందాకినికి మనస్సున నొక ముల్లు గ్రుచ్చుకొనెను. గొట్టపు మేనిపై చిన్న త్రికోణపు గుర్తొకటి ముద్రింపబడియుండును. బిగింపు పూర్తియగునప్పటికి కాలరుయంచు వచ్చి యా గుర్తుపై నిలువవలయును. ఇచ్చట కాలరు నిలువక గుర్తునంతను మ్రింగి యావలికి పోయియుండెను. దాని వెనుకటి గొట్టమునందు నట్లే యైనదని యామెకు జ్ఞప్తికి వచ్చెను. ఆమె మోకాళ్లపై నిలిచి వంగి చూడగా కాలరు పెదవివెంట పొంగి వెలువడిన నల్లని లేపనమున నక్కడక్కడ వెన్నముద్దలవంటి తెల్లని పొక్కులు కానవచ్చెను. చేదొడుగు తీసి యొక పొక్కును వ్రేలితో నద్దెను. చలికి పేరియున్న యా తెలుపు వ్రేలివెచ్చదనమునకు కరగి జారెను. దానిని నాసికకు జేర్చినంతనే యామె తన జడవాసనను తానే యాఘ్రాణించెను.

ఆ క్షణమున జేబులోని పొట్లపు వెచ్చదన మామెకు తెలియరాలేదు. లేచి కుడిచేయి పైకెత్తి పని నిలుపుడని సంజ్ఞ చేసెను. యంత్రధ్వని తగ్గి కాలువలోని బాతులకూత వేదికపైకి వినవచ్చెను.

బుల్లెబ్బాయి తొలుత నవ్వెను. నవ్వు చెల్లకపోవుటచే పిదప నొప్పుకొనెను. చలికి లేపనము తారువలె గడ్డకట్టి కుంచె కదలకుండెనట. అందువలన టీపొయ్యిపై కొబ్బరినూనెను వెచ్చజేసి డబ్బాలో పోసి కలిపెనట. పిమ్మట కుంచె వెన్నపై నడచినట్లు నడచెనట. మందాకిని యొక యినుపకడ్డీని డబ్బాలో ముంచి యడుగువరకు దింపి పైకెత్తి చూపెను. కడ్డీకొనను బూడిదరంగు బురద యంటియుండెను. పైభాగమంతయు వట్టి నూనె. సందును మూయవలసిన చూర్ణము డబ్బా యడుగున నిద్రించుచుండగ కుంచె పైనూనెను మాత్రము మోసికొనిపోయి మరలకు పూసినది. నూనె యనునది క్రింది వేడికి నీరై పోవును.

ఆ యుదయము దిగిన గొట్టముల నన్నిటిని వెనుకకు లాగి విప్పి శుభ్రము చేసి మరల బిగింపవలయునని యామె చెప్పెను. మేస్త్రి ముఖము కందెను. బావిలో గొట్టము కదలక యాగినను వెనుకకు లాగినను చుట్టునున్న బురద యుడుమువలె పట్టుకొనునని, అట్లు పట్టినచో బావియే పోవునని, ఆ పాపము తనది కాదని యతడు పలికెను. ఆ మాట యసత్యము కాదు. మందాకినియు నెరుగును. ఎరిగియే యామె కంఠము మరింత గట్టిపడెను.

“వంటింట్లో తాలింపు మాడితే కూడా ఇలాగే పదిమందిలో నిలదీత్తావా అమ్మాయ్” అని బుల్లెబ్బాయి పనివారివైపు చూచుచు పలికెను.

“తాలింపు మాడితే మనింట్లో ఒక్కపూట తింటామండి. ఇది ఊరంతా తాగుతుంది.”

“కొత్త కోడలివి. కోపం కాస్త పల్చన చేసుకో తల్లీ.”

“పల్చన చేసే పని మీరొక్కరు చేశారుగా మావయ్యగారూ. చాలండి.”

వెనుక నెవడో నవ్వు నాపుకొనలేక దగ్గెను. శశిభూషణుడు యంత్రము విడిచి భార్యకడకు వచ్చి యామె మోచేతిని మెల్లగ తాకి మందా యని ముద్దుపేర పిలిచి యింటికి పోయిన పిదప తీరికగా మాటలాడుకొందము లెమ్మని బుజ్జగింపబోయెను. నిన్నటి దినమున నా పిలుపునకు కరగిపోయెడి యామె నేడతని చేతిని తొలగించెను. అంతవరకు మేస్త్రిపై నిలిచిన కోపము గాలి మళ్లిన మంటవలె భర్తవైపు తిరిగెను. నూనె కలిసిన మరలు తేలికగ తిరుగునని, ఆ తేలిక యంత్రపుపిడి పట్టినవానికి మొదటి గొట్టమునందే తెలియునని యామె కప్పుడు తట్టెను. తెల్లవారగనే యతడు మంచులోనికి జూచిన చూపునకు నర్థము దొరకెను.

“రోజూ కంటే తేలిగ్గా తిరుగుతోందని మీ చేతికి తెలిసింది కదండీ. నోటికెందుకు రాలేదు?”

శశిభూషణుడు తల వంచెను. “పెద్దాడు కదా, నలుగుర్లో అంటే బాగోదని ఊరుకున్నాను.”

“మీరు ఊరుకుంటే గ్యాసు ఊరుకోదండి.”

ఆమె గొంతు హెచ్చలేదు. హెచ్చియున్న నతనికి సులభముగ నుండెడిది. పొన్నలంకలో పుట్టి యా పంపునీటితో పెరిగినవాడు తానైయుండగ నిన్నమొన్న వచ్చిన పిల్ల యా నీటికై నిలుచుట యతని కభిముఖమున నద్దము పట్టినట్లుండెను. అతడు వెనుదిరిగి యంత్రమును జేరి మామవైపు చూడకయే పిడిని వెనుకకు త్రిప్పెను.

మొదటి యతుకు విడుటకు పెద్దగ మొరాయింపలేదు. అదియే భయంకరముగ నుండెను. విప్పిన మరలయందొకవైపు లేపనము జాడయే లేక యినుము గీరుకొనిపోయి తళతళలాడుచు నా మెరపు మెలికలుమెలికలుగ పైవరకు పోయియుండెను. అది వాయువుకొఱకు చేతులార తీర్చిన త్రోవ. బుల్లెబ్బాయి తన చూపుడువ్రేలితో నా త్రోవవెంట నడచి కొనవరకు పోయి వ్రేలిని మరల మొదటికి తెచ్చి పెట్టెను. తలగుడ్డను విప్పి నడుమునకు బిగించి కిరసనాయిలు డబ్బాను తానే యీడ్చుకొని వచ్చి మరలను తోముటకు కూర్చుండెను.

నడిమిగొట్టములు లాగునపు డొకసారి బావి నిజముగనే పట్టినది. గోపురము మూలిగెను. ఇనుపత్రాళ్లు వీణెతంత్రులవలె బిగిసెను. మందాకిని కోపమునందును భయమునందును నొకే పిడికిలి బిగించి నిలిచెను. శశిభూషణుని యంత్రము దాపున జేరి బుల్లెబ్బాయి మెల్లగ మెల్లగ నని చేతితో సూచింపగ గొట్టము కొంత దింపబడి మరల లాగబడి తుదకు పెద్ద నిట్టూర్పుతో విడివడి పైకి వచ్చెను. మంచు విడి యెండ కాచునప్పటికి మరలన్నియు తుడువబడి యెండింపబడి క్రొత్తడబ్బాలోని చిక్కని లేపనముతో నల్లనై యొకటి వెనుక నొకటి క్రిందికి దిగసాగెను. ప్రతి కాలరును త్రికోణముపై వచ్చి నిలిచెను. మందాకిని ప్రతిదానికిని వంగి చూచెను. జేబులోని రొట్టె చల్లబడి గట్టిపడి సాయంకాలమునకు బాతులపాలయ్యెను.

తరువాతి దినములలో నామె యింట మాటలాడవలసినంతయే మాటలాడెను. అత్తగా రేదో పసిగట్టియు నడుగలేదు. గొట్టములచుట్టును పోసిన సిమెంటు గట్టిపడిన పిమ్మట బావిని లోపలినుండి యొత్తిడితో పరీక్షించు దినము వచ్చెను. కొలతబిళ్లపైని ముల్లు పైకెక్కి యొకచోట నిలిచెను. అందరును దానినే చూచుచుండిరి. ఎండపొడ వేదికపై జరిగెనుగాని ముల్లు జరుగలేదు.

“నిలబడిందా కోడలా” అని బుల్లెబ్బాయి దూరమునుండియే యడిగెను.

“నిలబడిందండి.”

“మరి నీ కోపమో?”

“అదీ నిలబడే ఉందండి” అని యామె ముల్లునుండి చూపు మరల్పకయే పలికెను. బుల్లెబ్బాయి తల గోకికొనుచు మోకాలిని తడుముకొనుచు మెట్లు దిగిపోయెను.

నాటి సాయంకాలమున శశిభూషణుడు పిలువకయే పంపుకడకు వచ్చి పిడి పట్టి కొట్టసాగెను. మందాకిని దోసిలి యొగ్గెను. అతడేదో బుజ్జగింపబోయి మానెను. అట్లు మానుట యామెకు నచ్చెను. గౌరవముపేరను మొగమాటముపేరను పలుచన చేయబడని కోప మొకటి చిక్కగ నిలిచి కంటికి గానరాని సందును మూసి యొక యూరి దాహమును కాచినదని యెరిగినవా రిరువురే యచ్చట నుండిరి. ఆమె త్రాగెను. నీరు తియ్యగనే యుండెను. దోసిలి మరల నొగ్గెను.