అక్టోబరు దాకా కుదరదు

పీత డిప్ప విప్పగానే ముందు మొప్పలు తీసెయ్యాలి. బూడిదరంగులో, వేళ్ళలా, రెండు వైపులా మెత్తగా వేలాడుతుంటాయి. పీతల వేట మీద బతికే ఆ ఇంగ్లీషు తీరంలో వాటిని చచ్చినోడి వేళ్ళు అంటారు. ఒక్కటి పొరపాటున మాంసంలో కలిసినా కొన్నవాళ్ళు మళ్ళీ గుమ్మం తొక్కరు. లోర్నా ఇరవై నాలుగేళ్ళుగా ఆ పొరపాటు చెయ్యలేదు. ఆ సంగతి ఎవరూ గమనించలేదు కూడా. తప్పు జరిగితేనే గదా ఎవరైనా గమనించేది.

జూలైలో ఒక మంగళవారం ఆమె షెడ్డులో నిలబడి నలభయ్యో పీతను ఒలుస్తుండగా ఇంట్లో ఫోన్ మోగింది. అత్తగారు బెరిల్ తీసింది. వంటింటి కిటికీ తెరిచే ఉంది కాబట్టి మాటలన్నీ వినబడ్డాయి.

"లేదమ్మా, ఇప్పుడు కాదు. అక్టోబరు దాకా కుదరదు. ఆ, ఆ, నేను చెప్తున్నాగా. ఉంటా మరి."

"ఎవరు, బెరిల్?" అని కేక వేసింది లోర్నా.

"ఎవరో నారిచ్ పట్నం నుంచి. మాటలో మర్యాద కారిపోతోంది. నీతో మాట్లాడాలంట."

"ఎందుకో అడిగారా?"

"ఎందుకైతే ఏంటి పిల్లా? ఈ నెలల్లో ఎవరికైనా చెప్పేది ఒకటేగా!"

నలభై ఆరేళ్ళొచ్చినా బెరిల్‌కి కోడలు పిల్లే. ఆ తీరంలో ఆడవాళ్ళు కాటికి పోయేదాకా పిల్లలే. బెరిల్ చెప్పింది అబద్ధమూ కాదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు ఆఖరుదాకా పీతలవాళ్ళ ఇళ్ళల్లో ఎవరూ ఏ పనీ పెట్టుకోరు. పెళ్ళిళ్ళు నవంబరులో. బిడ్డకు బారసాల నవంబరులో. పన్ను సలుపుతుంటే లవంగం నొక్కి పెట్టుకుని నవంబరు దాకా ఓర్చుకోవాలి. మగవాళ్ళు చీకటితోనే పడవ తీసుకెళ్ళి, తొమ్మిదింటికల్లా ట్రాక్టరుతో దాన్ని ఒడ్డుకి లాగించి, పెట్టెలు షెడ్డులో దించేసి పోతారు. అక్కడితో పని సగం అయినట్టు. బాన ఎక్కించడం, ఉడికించడం, చల్లార్చడం, డెక్కలు విరిచి మాంసం తియ్యడం, డిప్ప కడిగి అందంగా సర్ది గేటు దగ్గర బల్ల మీద పెట్టి అమ్మడం, ఇవన్నీ మిగతా సగం, ఆడవాళ్ళది. గేటు మీది బోర్డుకి మాత్రం మామగారి పేరూ, ఆయన కొడుకు, లోర్నా భర్త కెల్విన్ పేరూ చాలు.

లోర్నా తల్లి పోయిందీ జూలైలోనే. తొమ్మిదేళ్ళయింది. పదకొండింటికి ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చేసరికి బానలో రెండొందల పీతలున్నాయి. "ఇవి దించేసి వెళ్దువుగానిలే, కారు తీసుకెళ్ళు," అన్నాడు కెల్విన్. మంచిగానే అన్నాడు. ఆమె వెళ్ళేసరికి నాలుగయింది. తల్లి మూడింటికి పది నిమిషాల ముందే వెళ్ళిపోయింది. నర్సు చెప్పింది, చివరిదాకా తలుపు వంకే చూసిందట. ఆ మాట నర్సు చెప్పకుండా ఉంటే బాగుండునని లోర్నా ఎన్నిసార్లు అనుకుందో లెక్క లేదు. మనుషులు వెళ్ళిపోవడం ఒక బాధ. వాళ్ళు వెళ్ళేటప్పుడు మనం పీతలు దించుతూ ఉండడం ఇంకో బాధ. రెండోదానికి ఓదార్పు ఉండదు.

గురువారం ఆమె ఫోన్‌లోకి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. చేతులు కడుక్కోకుండానే తెరిచి చదివింది. అక్టోబరు వరకు వీలుపడదని మీ ఇంటివారు తెలియజేశారు, తరగతులు సెప్టెంబరు ఇరవై రెండున మొదలవుతాయి కనుక మీ దరఖాస్తును ఇంతటితో ముగిస్తున్నాం అని ఉంది.

బయాలజీ డిగ్రీ, పునాది ఏడాదితో కలిపి నాలుగేళ్ళు. పడవ గట్టు మీద ఉన్న ఫిబ్రవరిలో, వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఆ దరఖాస్తు పెట్టింది. దాచలేదు, కెల్విన్‌కి చెప్పింది. పదహారేళ్ళకే బడి మానేసినవాళ్ళకి ముందు ఒక ఏడాది లెక్కలు, రసాయన శాస్త్రం, ప్రయోగాలు మొదటినుంచీ నేర్పి, ఆ తర్వాత అసలు డిగ్రీలోకి తీసుకుంటారని చెప్పింది. కెల్విన్ పగలబడి నవ్వాడు.

"అంటే మొదటి ఏడాదికి ముందు ఇంకో ఏడాదా? సున్నా ఏడాదన్నమాట! నలభై ఆరేళ్ళకి ఓనమాలు దిద్దుతావా? పక్కన పద్దెనిమిదేళ్ళ పిల్లలు కూర్చుంటే నిన్ను టీచరమ్మ అనుకుని లేచి నిలబడతారేమో చూసుకో."

ఆమె ఒకసారి అతనికి చూపించింది. బతికున్న పీత కాలు విరిగితే కారే నీరు ముందు రంగు లేకుండా ఉంటుంది, గాలి తగిలిన కాసేపటికి లేత నీలంగా మారుతుంది. ఎందుకంటావ్, అని అడిగింది. "నీలంగా మారితే ధరేమన్నా పెరుగుతుందా?" అన్నాడు. పెళ్ళయిన రెండో ఏడు అది. ఆ తర్వాత ఆమె ఇంకెప్పుడూ అడగలేదు. చూడ్డం మాత్రం మానలేదు. ఏ నెలలో మెత్తటి కొత్త డిప్పలవి ఎక్కువ వస్తాయో, చెయ్యి మీద పెట్టుకుంటే ఏది లోపల నీళ్ళతో తేలిగ్గా ఉంటుందో ఆమెకు తెలుసు. ఎందుకో తెలియదు. ఇన్నేళ్ళూ ఆ తెలియకపోవడాన్ని గొంతులో ముల్లులా పెట్టుకునే అన్నం తిన్నది.

ఉత్తరం చదివి లోపలికెళ్ళింది. బెరిల్ బఠాణీలు ఒలుస్తోంది.

"మంగళవారం ఫోన్ చేసింది యూనివర్సిటీవాళ్ళు, బెరిల్. నాకు సీటు ఇవ్వాలా వద్దా అని మాట్లాడ్డానికి."

బెరిల్ చేతులు ఆగాయి. "నాకేం తెలుసు? మనింటికి ఫోన్ వస్తే పీతలకి కాకపోతే దేనికొస్తుంది?"

"అడిగితే చెప్పేవాళ్ళు."

"అడగడం దేనికి, ఎలాగూ కుదరనిదానికి?"

అందులో కుట్ర లేదు. నిజంగానే ఆమెకు తోచలేదు. పోట్లాడదామంటే అవతల శత్రువు లేడు, ఒక అలవాటు మాత్రం కుర్చీలో కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది. లోర్నా ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. మూడుసార్లు చేసినా దొరక్క, నాలుగోసారి దొరికారు. తప్పు జరిగింది, నేను వస్తాను, ఎప్పుడంటే అప్పుడు వస్తాను అంది. వచ్చే బుధవారం రెండింటికి రమ్మన్నారు. జూలైలో బుధవారం! సరేనన్నాక చెత్తడబ్బా మూత మీద కూర్చుండిపోయింది.

బుధవారం పొద్దున పెట్టెలు దిగుతుండగా ఆమె కోటు వేసుకుని షెడ్డు గుమ్మంలో నిలబడింది. "బాన ఎక్కించాను. దించడం నువ్వు దించు," అంది కెల్విన్‌తో. అతను జోక్ అనుకున్నాడు. బస్సు మలుపు తిరిగేదాకా ఆమె వెనక్కి చూడలేదు. చూస్తే దిగిపోతానని భయం.

అక్కడ డాక్టర్ ప్రాథర్ అనే ఆవిడ మాట్లాడింది. జుట్టు నెరిసిన మనిషి, ముక్కుసూటి మాట. ఎందుకు చదవాలనుకుంటున్నారని అడిగింది. బస్సులో వల్లించుకున్న మాటలన్నీ ఎగిరిపోయి, లోర్నా నోట నీలం నీళ్ళ సంగతి వచ్చింది.

"మన నెత్తురులో ఇనుముంది, దాని నెత్తుర్లో రాగి," అంది డాక్టర్ ప్రాథర్. "రాగి ఉంటే నీలం ఎందుకవుతుందో ఇప్పుడే చెప్పగలను. కానీ మీరు నా మాట నమ్మాల్సొస్తుంది. పునాది ఏడాదిలో రసాయన శాస్త్రం మొదటినుంచీ నేర్చుకుంటే, నా మాట నమ్మే పనుండదు. మీరే చేసి చూసుకోవచ్చు."

ఆ తర్వాత ఇంకో సంగతి కూడా చెప్పింది, న్యాయంగా చెప్పాలి గనక చెబుతున్నానంటూ. చేపల వ్యాపారం, నిర్వహణ మీద వేరే కోర్సు ఒకటుంది. ఇరవై నాలుగేళ్ళ అనుభవం ఉంది కాబట్టి పునాది ఏడాది అక్కర్లేకుండా నేరుగా తీసుకుంటారు. మూడేళ్ళే. వారానికి రెండు రోజులు, అదీ నవంబరు నుంచి మార్చి దాకా. రెండిట్లో ఏది కావాలన్నా మీకు ఇస్తాం. శుక్రవారం సాయంత్రంలోగా చెప్పండి.

ఇంటికొచ్చి ఉన్నదున్నట్టు చెప్పింది. దాచి ఉంటే సుఖపడేదేమో. కెల్విన్ సాసేజీ ముక్క ఫోర్కుకి గుచ్చి అలాగే పట్టుకుని ఉండిపోయాడు. పీతలు దించబోయి మణికట్టు మీద కాల్చుకున్నాడు, దాని మీద గుడ్డ కట్టి ఉంది.

"మరి ఇంకేం? ఆ రెండోది తీసుకో! పడవ గట్టు మీదుండే నెలలు. ఎవరికీ ఇబ్బంది ఉండదు. మన వ్యాపారానికీ పనికొస్తుంది. నాలుగేళ్ళ బదులు మూడేళ్ళు. నీ అనుభవానికి విలువ కట్టి తీసుకుంటామంటుంటే, వెళ్ళి చిన్నపిల్లల బెంచీలో కూర్చుంటానంటావేంటి?"

"వాడన్నది సబబే పిల్లా," అంది బెరిల్. "వీడు పుట్టింది మే నెలలో. నాలుగో రోజుకల్లా నేను ఆ షెడ్డులో నిలబడ్డాను."

ఈ మాట పెళ్ళయినప్పట్నుంచీ వింటూనే ఉంది. ఎప్పుడూ తల దించుకుని వినేది. ఈసారి తలెత్తింది. "ఎవరూ వద్దనలేదా, బెరిల్?"

బెరిల్ గ్రేవీ గిన్నె వంక చూసింది. "వద్దనడానికి ఎవరున్నారు? అందరూ సముద్రం మీదే." గిన్నె పక్కకి జరిపి, "నిలబడలేక డబ్బా మీద కూర్చుని ఒలిచాను," అంది. ఆ మాటలో ఈ మిగతా సగం ఆ ఇంట్లో ఎవరూ అంతవరకు వినలేదు. కెల్విన్ కూడా.

రెండు రోజులు లోర్నా ఆలోచించింది. భయం లేదని కాదు. లెక్కలు చేతకాకపోతే? పిల్లలు నవ్వితే? బస్సు తప్పితే? రెండో కోర్సు ఒక మెత్తటి కుర్చీలా ఎదురుగా ఉంది, కూర్చుంటే చాలు. ఎవరికీ ఇబ్బంది ఉండదన్నాడు కెల్విన్. ఆ 'ఎవరికీ'లో తను ఉందా? ఆ కోర్సు ఆమె జీవితానికి ఏ గోడా కదలకుండా మిగిలిన సందులో అతికినట్టు సరిపోతుంది. అందుకే అది ఆమెకి నచ్చలేదు. ఇన్నాళ్ళూ ఆమెకి దక్కినవన్నీ సందులే. మిగిలిన టైము, మిగిలిన కూర, పెట్టెలో డెక్క విరిగి అమ్ముడుపోని పీత. ఇక ఆ పునాది ఏడాది, అందరూ సిగ్గుపడమంటున్న సున్నా ఏడాది, దాన్ని తలచుకుంటే ఆమెకి సిగ్గు రాలేదు. ఆకలేసింది. ఎవరో ఒకరు ఆమెని కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా, మొదటినుంచి చెబుతారట. పదహారో ఏట బడి మాన్పించి, టూరిస్టులు దిగే కారవాన్ల లాండ్రీలో పనికి పంపినప్పటినుంచీ ఆమెకి ఎవరూ ఏదీ మొదటినుంచి చెప్పలేదు. అన్నీ మధ్యలోంచే. చెయ్యి, ఇలా చెయ్యి, ఎందుకని అడక్కు.

శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి గ్లవ్స్ తీసి, షెడ్డులోంచే ఫోన్ చేసింది. "బయాలజీ. పునాది ఏడాదితో," అంది. అవతలివాళ్ళు మళ్ళీ అడిగితే మళ్ళీ చెప్పింది. రెండోసారి ఇంకా బాగా వచ్చింది.

సాయంత్రం కెల్విన్‌తో అంది. "సెప్టెంబరు ఇరవై రెండు నుంచి షెడ్డులోకి మనిషిని చూసుకో."

అతను తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి, "సరే, చూద్దాం. మనుషులకేం కరువా? మనిషి కావాలని రాసి పోస్టాఫీసు కిటికీలో కార్డు పెడితే రేపు సాయంత్రానికి క్యూ కడతారు," అన్నాడు. అన్నట్టే పెన్నూ తెల్ల కార్డూ తెచ్చుకుని బల్ల దగ్గర కూర్చున్నాడు. "చెప్పు, ఎన్నింటికి రమ్మనాలి?"

"ఐదున్నరకి. మర్నాటికి ఎర ముక్కలు కొయ్యాలిగా."

రాశాడు. "ఎన్నింటిదాకా?"

"పీతలు అయిందాకా. ఆ తర్వాత బానలు తోమి, నేల కడిగి, పడవలో వేసుకునే నీ ఆయిల్ కోట్లు ఉతికిందాకా. మధ్యలో గేటు దగ్గర అమ్మాలి. ఫోన్లు తియ్యాలి."

"ఆదివారాలు?"

"ఆదివారమే గిరాకీ ఎక్కువ."

"సెలవులు?"

"సీజన్లో సెలవేంటి, కెల్విన్?"

పెన్ను కొంచెం నెమ్మదించింది. "జ్వరం గట్రా వస్తే?"

"పోయినేడు నాకొచ్చింది గదా. అప్పుడేం చేశామో అది రాయి."

అతను ఏదో రాయబోయి ఆగాడు. కార్డు చేత్తో దూరంగా పట్టుకుని మొదటినుంచీ చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. కుర్చీలో బెరిల్ అల్లిక ఒళ్ళో పెట్టుకుని కొడుకు మొహమే చూస్తోంది.

"ఇలా రాస్తే ఎవరొస్తారు, లోర్నా?" అన్నాడు.

"ఎవరూ రారు," అంది లోర్నా. "ముందు పని మార్చు. అప్పుడు రాయి."