ఆరో రోజు కాగితం

డిగ్రీ నాలుగేళ్లలో మూడో ఏడు పరాయి దేశంలో చదవాలని ఆ అమ్మాయి కోర్సులో ఒక ఏర్పాటు ఉంది. ఆమెకు విత్తన పరీక్షశాల పడింది. ఏడాది పని చేశాక అక్కడివాళ్లు ఒక ఫారం మీద సంతకం పెట్టాలి. పెడితే ఆ ఏడు లెక్కలోకి వస్తుంది. పెట్టకపోతే తిరిగి వెళ్లి, తనకంటే చిన్నవాళ్ల పక్కన కూర్చుని మూడో ఏడు మళ్లీ మొదలుపెట్టాలి.

వచ్చి అయిదు నెలలైంది. గది మూడో అంతస్తులో. కిటికీ తెరిస్తే ఎదుటి గోడ, గోడ మీద రెండు నీళ్ల గొట్టాలు. వంటగది ఆరుగురికి ఒకటే. మిగతా అయిదుగురి మొహాలూ ఆమెకు సరిగా తెలియవు, ఫ్రిజ్‌లో వాళ్ల అరలు మాత్రం తెలుసు. అక్క ఫోన్ చెయ్యని ఒక వారం, శని ఆదివారాలు గడిచి సోమవారం పొద్దున బస్సు డ్రైవరు పలకరిస్తే బదులు చెప్పబోయి గొంతు పెగల్లేదు. రెండు రోజులుగా ఆ గొంతుకు పని పడలేదు మరి.

అక్క ఫోన్ చేసిన రోజున బావ మధ్యలో లాక్కునేవాడు. బావ మోటార్లు బాగుచేస్తాడు. అమ్మానాన్నా పోయాక ఈ అమ్మాయిని పెంచింది వాళ్లిద్దరే.

“ఏం మరదలా, గింజలు లెక్కపెట్టడానికి అంత దూరం పోవాలా? మా ఇంట్లో బియ్యంలో రాళ్లేరు, డిగ్రీ నేనిస్తా.”

“నీ డిగ్రీ మీద సంతకం ఎవరు పెడతారు బావా?”

“మీ అక్క. వేలిముద్రే, కానీ గట్టిగా వేస్తుంది. నా వీపు మీద ఉంది, చూపించమంటావా?”

నవ్వేది. ఫోన్ పెట్టేశాక గది మునుపటికంటే చిన్నదయ్యేది.

పరీక్షశాలలో ఆమెకు పని నేర్పినది ఒక పెద్దావిడ. ముప్పై ఏళ్లుగా అక్కడ మొలకలు లెక్కపెడుతున్న మనిషి. పేరు పెట్టి పిలవమని మొదటి రోజే చెప్పింది. అరవై దాటిన ఆడమనిషిని పేరు పెట్టి పిలవడానికి ఈ అమ్మాయికి నోరు రాలేదు. అలాగని మేడమ్ అంటే ఆవిడ పలకదు. దాంతో ఏమీ పిలవకుండా దగ్గేది, లేకపోతే బల్ల మీద వేలితో కొట్టేది. అయిదు నెలలు అలాగే నెట్టుకొచ్చింది.

పని ఇది. ఉల్లి విత్తనాలు నూరేసి చొప్పున నాలుగు పళ్లాల్లో తడి కాగితం మీద పరచాలి. ఆరో రోజున ఒకసారి, పన్నెండో రోజున ఒకసారి మొలకలు లెక్కించాలి. మంచి మొలక మోకాలు ముడుచుకుని కూర్చున్నట్టు వంగి ఉంటుంది.

“మోకాలుందా?” అనేది పెద్దావిడ, పట్టకారుతో మొలకను ఎత్తి.

“ఉంది.”

“అయితే బతుకుతుంది. తర్వాతది.”

ఆ అమ్మాయితో రోజూ మాట్లాడిన మనిషి ఆవిడొక్కతే. మాట్లాడినవి ఆ నాలుగు ముక్కలే అయినా వాటికోసం పొద్దున పావుగంట ముందే వచ్చి తలుపు దగ్గర నిలబడేది.

ఇంకో మనిషి ఉన్నాడు కానీ, అతను కింద సరుకుల గదిలో. మన భాషవాడే. పాతికేళ్ల కిందట వచ్చి అక్కడే ముదిరిపోయాడు. బాబాయ్ అని పిలిచేది. కాగితాలూ చేతి తొడుగులూ తెచ్చుకోవడానికి వెళితే రెండు పుల్లవిరుపు మాటలు దొరికేవి.

ఆ రోజు ఒక ఉల్లి పరీక్షకు ఆరో రోజు. ఇద్దరూ పక్కపక్కన స్టూళ్ల మీద కూర్చున్నారు. రెండో పళ్లెంలో అరవై నాలుగు, మూడో పళ్లెంలో నలభై ఆరు. అమ్మాయి మనసులో లెక్కపెట్టుకుంటూనే ఉంది. పెద్దావిడ లెక్క రాసే కాగితాన్ని కళ్లకు దగ్గరగా పెట్టుకుని, రెండో వరసలో నలభై ఆరు, మూడో వరసలో అరవై నాలుగు వేసింది. అంతకుముందే రెండు చోట్ల కొట్టి రాసింది. చివర సంతకానికి బదులు తన పేరు పొడి అక్షరాలు వేసి భోజనానికి లేచింది.

తప్పు వేశారని చెప్పాలి. నాలుక చివరిదాకా వచ్చింది. ముప్పై ఏళ్లుగా లెక్కపెడుతున్న మనిషికి ముప్పై వారాలైనా నిండనిది తప్పు చూపించడమా? అంత పొగరు తమ ఇంట్లో ఎవరికీ లేదు. మింగేసింది.

మింగి ఊరుకున్నా బాగుండేది. చిన్నప్పుడు బళ్లో మాస్టారి హాజరు పట్టీ సాపు ప్రతి రాసేది ఈ అమ్మాయే. మాస్టారు గీకి పారేసినదాన్ని ముత్యాల్లాంటి అక్షరాలతో ఎత్తి రాసి, తప్పులుంటే సర్ది, కింద ఆయన పొడి అక్షరాలు కూడా తనే వేసి పెట్టేది. ఇనస్పెక్టరు వచ్చి మెచ్చుకుంటే మాస్టారు మీసం దువ్వుకునేవాడు. అది సేవ అనుకుంది. అందరూ అలాగే అనుకున్నారు. ఎవరూ ఆ పిల్లకు ఇంకోలా చెప్పలేదు.

కొత్త కాగితం తీసింది. మొత్తం ఎత్తి రాసింది. రెండు అంకెలూ వాటి చోట్లకు చేర్చింది. కొట్టివేతలు లేవు. కింద పెద్దావిడ పొడి అక్షరాలు కూడా తనే వేసింది, అచ్చం ఆవిడ వేసినట్టే. పాత కాగితాన్ని చించి బుట్టలో పడేసింది. ఆ పూట ఆమెకు అన్నం బాగా సహించింది.

పన్నెండో రోజున పెద్దావిడ ఫైలు తెరిచి చాలాసేపు చూసింది.

“నేను రెండు చోట్ల కొట్టి రాశాను. ఆ కొట్టివేతలేవి?”

“నేనే సాపు చేశాను,” అంది అమ్మాయి. మెచ్చుకుంటుందని నవ్వు మొహం పెట్టి అంది.

“నా పొడి అక్షరాలు?”

“అవీ నేనే.”

పెద్దావిడ పట్టకారు కింద పెట్టింది. నాలుగు పళ్లాలూ తీసుకెళ్లి, మోకాళ్లున్నవీ లేనివీ చూడకుండా, మొత్తం చెత్తలో వంచేసింది. ఆ విత్తనం పరీక్ష మొదటికొచ్చింది. సాయంత్రానికి ఆఫీసు నుంచి మాట వచ్చింది: ఏం రాసిందో, ఏం మార్చిందో, ఎందుకు మార్చిందో రెండు రోజుల్లో కాగితం రాసివ్వాలి. దాన్నిబట్టి ఈ ఏడాది ఉంచాలో కొట్టెయ్యాలో చూస్తారు.

అమ్మాయి కిందికి పరిగెత్తింది.

“ఒకరి పొడి అక్షరాలు నువ్వు వేశావా?” అన్నాడు బాబాయ్. “మీ ఊళ్లో దీన్నేమంటారో తెలీదమ్మా, ఇక్కడ దొంగ సంతకం అంటారు.”

“తప్పు దిద్దాను బాబాయ్. ఆవిడే తారుమారుగా వేసింది.”

“అది రాసెయ్యి మరి.”

“రాస్తే ఆవిడకేమవుతుంది?”

“కళ్లు పోయాయి ఆవిడకి. పోయినేడు ఒకసారి ఇలాగే అయింది. ఇంకోసారైతే లెక్క మాన్పించి కింద కూర్చోబెడతామన్నారు.” తొడుగుల పెట్టె అర మీదికి తోశాడు. “ఆవిడ నీకు అత్తా, పిన్నా? ఎందుకంత బాధ?”

“నాతో మాట్లాడేది ఆవిడొక్కతే.”

“నేనేం చేస్తున్నా? మొరుగుతున్నానా?”

అమ్మాయి వెనక్కి తిరిగి మెట్లెక్కింది.

ఆ రెండు రోజులూ గదిలో కూర్చుని రాసింది. నీటుగా ఉంటుందని ఎత్తి రాశానని, ఎత్తి రాయడంలో తానే అంకెలు తారుమారు చేశానని, పెద్దావిడ తప్పేమీ లేదని రాసింది. అది ఇస్తే తన ఏడాది పోతుందని తెలుసు. మూడో ఏడు మళ్లీ చదువుతానని అక్కకు ఎలా చెప్పాలో కూడా అద్దం ముందు నిలబడి అనుకుని చూసుకుంది. ముందు పెద్దావిడకు చూపించింది.

ఆవిడ కాగితాన్ని కళ్ల దగ్గరగా పెట్టుకుని చదివింది.

“ఇది కూడా సాపే. చిత్తు ఏది?”

ఆవిడ పక్క స్టూలు ముందుకు లాగింది.

“ఇక్కడే కూర్చో. ఏం చూశావో అది రాయి. కొట్టివేతలు రానీ.”

రాసింది. మూడు చోట్ల కొట్టి రాసింది. రెండో పళ్లెం, మూడో పళ్లెం దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. పెద్దావిడ వేలితో బల్ల మీద కొట్టింది. అదీ రాసింది. ఆవిడ చదివి, కింద ‘నిజమే’ అని రాసి, తారీఖు వేసి, తనే ఆఫీసుకు తీసుకెళ్లింది.

అమ్మాయికి గట్టి హెచ్చరిక వచ్చింది, ఏడాది మాత్రం నిలిచింది. పెద్దావిడను నెల తిరక్కుండా కింద నమూనా సంచులు దింపుకునే గదికి పంపారు. ఆవిడ స్టూలు మీదికి చెవుల్లో తీగలు పెట్టుకున్న ఒక కుర్ర ఉద్యోగి వచ్చాడు. పక్కనే కూర్చుని, చెప్పాల్సింది కంప్యూటర్లో రాసి పంపేవాడు. మిగిలిన నెలలు అలా గడిచాయి. ఆవిడ కిందే ఉందని తెలిసీ అమ్మాయి ఆ గది వైపు వెళ్లలేదు. తొడుగులు కావలసినప్పుడు బాబాయ్ కిటికీ దగ్గరికి వెనక దారిన వెళ్లేది.

“ఎప్పుడైనా నా గురించి అడిగిందా బాబాయ్?”

“లేదు.”

“అడిగిందని అబద్ధమైనా చెప్పొచ్చుగా.”

“ఎందుకూ, అది కూడా సాపు చేసి ఇవ్వనా?”

ఫారం మీద సంతకం పడిన రోజున కిందికి వెళ్లింది. పెద్దావిడ వ్యాన్లు వచ్చి ఆగే తలుపు దగ్గర స్టూలు మీద కూర్చుని సంచులకు చీటీలు కడుతోంది. అమ్మాయి దగ్గింది. ఆవిడ తలెత్తింది.

“సంతకం పెట్టారా?”

“పెట్టారు.”

“మంచిది.”

“నా మీద కోపమా?”

పెద్దావిడ చీటీ ముడి బిగించింది. “ఆ రోజే ‘తప్పు వేశావు’ అని నాతో చెప్పుంటే కొట్టి రాసేదాన్ని. ఒక్క గీత. ఎవరికీ ఏమీ అయ్యేది కాదు.”

“పెద్దవాళ్లకి ఎలా చెప్తామండీ?”

“నేను నీకు పెద్దదాన్ని కాను. నీ పక్క స్టూలు మీద కూర్చున్నదాన్ని.”

ఇంకేదో అంటుందని అమ్మాయి నిలబడింది. బయట ఒక వ్యాను వెనక్కి వస్తోంది. పెద్దావిడ లేచి నడుం పట్టుకుని తలుపు రెక్క తీసింది.

“అడ్డు తప్పుకో,” అంది.

అమ్మాయి తప్పుకుంది.