నొప్పి బిళ్ళలు

బండారులంకలో మోహన్ మందుల షాపు పెట్టి పదిహేనేళ్ళయింది. అతని అక్క పాపాయమ్మ ఇల్లు కూడా అదే వీధిలో. ఆమె భర్త రాఘవులు నేతగాడు. పొద్దస్తమానం కాళ్ళతో మగ్గం తొక్కీ తొక్కీ ఆయన మోకాళ్ళు పట్టేసేవి. సాయంత్రం షాపుకొచ్చి, "మోహనూ, ఆ నొప్పి బిళ్ళ ఒకటివ్వవయ్యా. అది పడితేగానీ రేపు కూర్చోలేను" అనేవాడు. మోహన్ ఇచ్చేవాడు. సొంత బావగారిని డాక్టరు చీటీ ఏమడుగుతాడు?

రాఘవులుకి షుగరు వచ్చి పన్నెండేళ్ళు. ఆ మాత్రలూ మోహనే ఇచ్చేవాడు. అవి గుర్తుంటే వేసుకునేవాడు రాఘవులు. నొప్పి బిళ్ళ మాత్రం ఏనాడూ మరిచిపోలేదు.

కిందటేడు వానాకాలంలో ఒకరోజు, "మూత్రం నురగ కడతందిరా, ఆ నురగ ఎంతసేపటికీ పోదు. ఏంటంటావు?" అని అడిగాడు.

షాపు నిండా జనం. "వేడి చేసుంటదండి బావగారూ, కొబ్బరినీళ్ళు తాగండి" అనేసి మోహన్ ఇంకొకరికి మందులిస్తూ ఉండిపోయాడు.

ఈ ఏడు మాఘమాసంలో రాఘవులు పాదాలు వాచాయి. చెప్పులు పట్టలేదు. పాపాయమ్మ పట్టుబట్టి అమలాపురం తీసుకెళ్తే మోహన్ కూడా వెళ్ళాడు.

డాక్టరు ఇందిర రిపోర్టులు చూసింది. "షుగరు వల్ల కిడ్నీలు దెబ్బతిన్నాయండీ. మూత్రంలో ప్రొటీను పోతోంది, నురగ దానివల్లే. ఏడాదికోసారి మూత్రం పరీక్ష చేయించుంటే మొదట్లోనే తెలిసేది. నొప్పి మాత్రలేమైనా వాడతారా?"

"ఎప్పుడైనా ఒకటండి" అన్నాడు రాఘవులు. మోహన్ వైపు చూడలేదు.

బావగారు తనని కాపాడుతున్నారని మోహన్‌కి అర్థమైంది. "రోజూ అండి" అన్నాడు. "ఆరేళ్ళనించి. నేనే ఇచ్చేనండి."

ఆమె తిట్టలేదు. "అవి కిడ్నీలని ఇంకా పాడుచేస్తాయి. ఈ రోజుతో ఆపేయండి. పోయింది వెనక్కి రాదు, మిగిలింది నిలబెట్టుకోవాలి. షుగరు, బీపీ అదుపులో ఉండాలి, ఉప్పు తగ్గాలి. రక్తంలో పొటాషియం ఎక్కువుంది, కొబ్బరినీళ్ళు నేను చెప్పేదాకా ముట్టుకోవద్దు. ఇప్పుడే డయాలసిస్ అక్కర్లేదు. ఇలాగే వదిలేస్తే తప్పదు."

"ఆయ్" అన్నాడు మోహన్.

బస్టాండులో పాపాయమ్మ తమ్ముణ్ణి పక్కకి పిలిచింది. "షుగరున్నోళ్ళకి ఆ బిళ్ళలు పడవని నీకు తెలీదేంట్రా?"

"తెలుసక్కా. ఆయన నొప్పి చూడలేక ఇచ్చేను."

"చూడలేకా, కాదనలేకా?"



ఆ మర్నాటినుంచి పొద్దున్నే షాపు తీసేముందు అక్క ఇంటికెళ్ళి బావగారి బీపీ చూడటం మొదలుపెట్టాడు. పాపాయమ్మ పప్పులోనూ కూరలోనూ ఉప్పు తగ్గించింది, ఊరగాయ జాడీ అటక మీద పెట్టేసింది. మోకాళ్ళకి వేడినీళ్ళ కాపడమే. రాఘవులు ఒక్కపూటే నేస్తున్నాడు. రెండోపూట మగ్గం మీద పాపాయమ్మ కూర్చుంటోంది.

ఆర్నెల్ల తర్వాత పరీక్షలో, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరగలేదు, తగ్గనూ లేదు. ఇది మంచి వార్తేనంది డాక్టరు. తిరుగు బస్సులో రాఘవులు మోహన్ మోచెయ్యి తట్టాడు.

"నువ్వివ్వకపోతే ఇంకో షాపుకెళ్ళి కొనుక్కునేవాణ్ణిరా."

అది నిజమే కావచ్చు. కానీ ఇంకో షాపువాడికి ఆయన షుగరు సంగతి తెలియదు. బండారులంక రాగానే మోహన్ ముందు దిగి, బావగారికి చెయ్యి అందించాడు.