బుట్ట తీగ

ఎలీశమ్మకు నొప్పీ లేదు, గిప్పీ లేదు, హాస్టల్లో వంట తప్పించుకోవడానికి ఆడే నాటకమని పైవాటా నాగేశ్వరి అన్నదట. పాలు పోసే పెంటమ్మతో అన్నదట. పెంటమ్మ నోట్లో మాట ఆగితేనా? మన్సూరాబాద్‌లో ఆ ఇంటి మెట్లు దిగేలోపే కిందివాటాలో ఎలీశమ్మ చెవిన వేసేసింది.

"కిడ్నీల రాయి తీసినంక ఇంక నొప్పేంది అంటుందమ్మా గామె."

ఎలీశమ్మకు ఒళ్లు మండిపోయింది. దిల్‌సుఖ్‌నగర్ హాస్టల్లో గంపెడు అన్నం ఒంటిచేత్తో వార్చిన మనిషి. ఇప్పుడు లేచి నిలబడితే నడుములో సూది దిగుతోంది. హాస్టలువాళ్లు ఇంకొకామెను వెతుకుతున్నారు. పైగా ఈ నింద!

"నడువు, ఇయ్యాల తేలిపోవాలె," అని భర్త స్తెఫనును లేపి, వీధి చివర స్కాన్ సెంటర్లో ఎక్స్‌రే తీయించుకుంది. అక్కడి పిల్ల అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల సన్నటి తీగముక్క ఉందమ్మా," అంది.

ఆపరేషన్ చేసింది ఎల్బీనగర్ దవాఖానలో. ఆనాడు డాక్టర్ మురళీకృష్ణ ఫోనులో బొమ్మ చూపించి మురిసిపోతూ చెప్పాడు. కోత లేదు. మూత్రం దారిలోంచి సన్నటి గొట్టం పోతుంది. దాని కొసన తీగల బుట్ట విచ్చుకుని, రాయిని పట్టి, మూసుకుని, బయటికి లాగేస్తుంది. కందిగింజంత రాయే కదా, ఉండనిద్దామా అని స్తెఫను నసిగితే, "ఎంత చిన్నదైనా ఉండకూడనిది లోపల ఉండకూడదండీ," అని కసిరాడు కూడా.

ఇప్పుడు ఎలీశమ్మ నేరుగా తెచ్చి ముందు పెట్టిన ఎక్స్‌రే వెలుతురుకు పెట్టి చూసి ఆ డాక్టరే కుర్చీలో కదిలాడు. "అదా... బుట్ట తీగ కొస. ఒక్కోసారి విరుగుతుందమ్మా."

"విరిగినట్టు మీకు గారోజే ఎరుకనా?"

"తెలుసు. మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని..."

"నొప్పి నొప్పి అని ఎన్నిసార్లు ఒచ్చిన! గ్యాసన్నరు. నీళ్లు తాగుమన్నరు. ఇంటిమీదోళ్లు దొంగనొప్పి అంటున్నరు. నా పని పోతున్నది. గప్పుడు గూడ చెప్పబుద్ధి కాలేదా సారూ?"

"జర మెల్లగ," అని స్తెఫను చెయ్యి పట్టుకున్నాడు. విదిలించుకుంది. బయట కూర్చున్నవాళ్లు తొంగి చూస్తుంటే నర్సు తలుపు మూయబోయింది.

"ఉండనీ బిడ్డా, అందర్ని ఇననీ," అంది ఎలీశమ్మ.

డాక్టరు గొంతు తగ్గించాడు. "చూడండమ్మా, వెంట్రుకంత తీగ. దానికోసం మళ్లీ మత్తు, మళ్లీ గొట్టం ఎందుకు చెప్పండి? అంత చిన్నది లోపలున్నా ఏం కాదు."

ఎలీశమ్మ నడుము పట్టుకునే లేచి నిలబడింది.

"రాయి గూడ కందిగింజంతనే ఉండె గద సారూ. మరి గదెందుకు తీసిన్రు?"