నల్లబల్ల మీద ఇంటి మాట

మిల్లు సంగు, అంటే సైరను, ఊదగానే వాసుకి బడి తలుపు తీసి, గది ఊడ్చి, సుద్దముక్క అందుకునేది. ఎదురుగా పిల్లలు ఉండేవాళ్లు కాదు. కోయంబత్తూరులో విషజ్వరం తిరుగుతోందని బడులు మూసేశారు. అయినా వాసుకిలా టీచరు ట్రైనింగులో ఉన్నవాళ్లు రోజూ పాఠం చెప్పాల్సిందే.

ఆమె నల్లబల్ల మీద రాసిందల్లా మిల్లు కూలీల లైను ఇళ్లలో, పిల్లలు పడుకున్న పక్కగోడ మీద తేలేది. వాళ్లు బొగ్గుతో గోడ మీద రాసిన జవాబు బడిలో బల్ల మీద తెల్లగా తేలేది. గోడలు తుడవలేక చస్తున్నామని తల్లులు సణిగేవాళ్లు, అంతే.

ఆ రోజు వాసుకికి పరీక్ష పాఠం. వెనక కుర్చీలో పెద్ద టీచరమ్మ కృష్ణమ్మాళ్ కూర్చుంది. వాసుకిలాగే, ఆ లైను పిల్లల్లాగే ఆమెదీ తెలుగిల్లే. కానీ బడిలో తమిళం కాకుండా ఇంటి మాట వినపడితే ఊరుకోదు.

వాన ఎక్కడినుంచి వస్తుందని వాసుకి తమిళంలో రాసింది. మబ్బు, మబ్బు అని జవాబులు తేలాయి. అట్టడుగున వంకరగా ఇంకొకటి తేలింది. అక్షరాలు తమిళమే, మాట మాత్రం తెలుగు: నీళ్లు.

"ఆ పిల్ల రామాయి రాత. తప్పు. తుడిచి సరిగ్గా రాయించు," అంది కృష్ణమ్మాళ్.

వాసుకి గుడ్డ ఎత్తింది. చివరి గీత కిందికి జారి బల్ల అంచుదాకా పోయింది. వాసుకి గుడ్డ దించేసింది.

"టీచరమ్మా, ఇది జవాబు కాదు. బిడ్డ నీళ్లు అడుగుతా ఉంది."

"పాఠం మధ్యలో పోతే పరీక్ష తప్పినట్టే."

వాసుకి సుద్దముక్క కింద పెట్టి, కుండతో నీళ్లు ముంచుకుని పరుగెత్తింది.

రామాయి ఇంట్లో తల్లీ కూతురూ చాప మీద ఒళ్లు తెలియకుండా పడి ఉన్నారు. బిడ్డ వేళ్లలో బొగ్గు అలాగే ఉంది. వాసుకి ఇద్దరి పెదాలూ తడిపింది. రామాయి ఒక గుక్క మింగి కళ్లు తెరిచింది.

అప్పుడే గోడ మీద గుండ్రటి తమిళ అక్షరాలు ఒక్కొక్కటే మెరుస్తూ తేలసాగాయి. అది కృష్ణమ్మాళ్ చేతిరాత. రామాయి వేలు పెట్టి, కూడబలుక్కుంటూ పైకి చదివింది.

"కొం-చెం కొం-చెంగా తా-పించు. గం-జి కాచి తెస్తా ఉండా."

ఆ గొంతుకి తల్లి కదిలింది.

"ఎవురే, మన మాట మాట్లాడేది?"

"టీచరమ్మ, అమ్మా," అంది రామాయి. "మనింటికి వస్తా ఉందంట."