నీరజాక్షి సంతకం

ఉప్పల్, నాచారం చుట్టుపక్కల ఎవరైనా స్టేజీ ఎక్కాలంటే ముందు మురళీధర్ గారి మెట్లెక్కాలి. ఆయన ఒక ప్రభుత్వ పరిశోధనశాల లైబ్రరీలో ముప్పై ఏళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. నటించడం రాదు, నేర్పడం రాదు. ఈ కాలపు రచయితల నాటికలూ ఏకపాత్రలూ ఎక్కడ అచ్చయినా తెప్పించుకుని చదవడం, ఎవరి గొంతుకు ఏది నప్పుతుందో చెప్పడం, ఇదొక్కటే ఆయనకు వచ్చిన విద్య. పోచారం ఐటీ పిల్లలైనా, సైనిక్‌పురి టీచర్లైనా, మురళీధర్ సారు చెప్పారంటే ఇక రెండో మాట ఉండేది కాదు. అబ్బే నాదేముంది అంటూనే ఆయన లోలోపల పొంగిపోయేవాడు.

అంతటి పెద్దమనిషీ ఈ ఏడాది ఒక తప్పుడు పని చేశాడు.

రెండు నెలల కిందట ప్రవీణ ఆయన ఇంటికి వచ్చింది. నాచారంలో తాతల నాటి నుంచీ ఉన్న కుటుంబం వాళ్ళది. ఒక ప్రైవేటు దవాఖానాలో ఈసీజీలు తీసే ఉద్యోగం. ఉప్పల్ నాటక సమితి పోటీలో మొదటిసారి స్టేజీ ఎక్కాలని ఉంది, పది నిమిషాల ఏకపాత్ర ఏదైనా చెప్పమంది. మురళీధర్ ఐదు ఇచ్చాడు. ఐదోది నీరజాక్షి అనే కొత్త రచయిత్రి రాసిన ‘తోడు’. దిక్కులేని రోగి మంచం పక్కన కూర్చున్న ఆయమ్మ మాటలవి. చదివి చూసుకుని ఏది నచ్చితే అది తీసుకో అని పెద్ద మనసు చూపించాడు.

నీరజాక్షి అంటూ ఎవరూ లేరు. రాసింది మురళీధరే. పత్రికలు పదకొండుసార్లు తిప్పి పంపిన సొంత పేరు పెట్టడానికి ధైర్యం చాలక ఆడపేరు తగిలించాడు. ప్రవీణ ఆ ఐదోదే ఎంచుకుందని తెలిసిన పూట సంతోషంతో ఆయనకు అన్నం సహించలేదు.

ఇప్పుడు ఆదివారం మధ్యాహ్నం మూడూ నలభై. నాలుగింటికి ప్రవీణ వంతు. హాలు సగం నిండింది. ముందు వరసలో ఆమె తల్లి కృష్ణమ్మ, కూతుర్ని మొదటిసారి వేషంలో చూడబోతున్నానని పట్టుచీర కట్టుకుని మరీ కూర్చుంది.

తెర వెనక సమితి కార్యదర్శి దామోదర్ మాత్రం కాగితాలు ముందేసుకుని కదలడం లేదు. బతికున్న రచయిత రచన ఆడాలంటే రాతపూర్వకంగా అనుమతి కావాలి, ఒక్క ముక్క తీసేసినా రచయిత ఒప్పుకోవాలి అన్నది సమితి నియమం. ఆ మధ్య ఒక రచయిత నాటకం నడుస్తుండగా లేచి గొడవ చేసినప్పటి నుంచి దామోదర్ ఈ విషయంలో ఎవరి మాటా వినడు. అనుమతి పత్రం మీద నీరజాక్షి సంతకం ఉంది. మురళీధర్ ఇంట్లో కూర్చుని చేతిరాత పక్కకు వాల్చి పెట్టిన సంతకం అది. కానీ పత్రంతో వచ్చిన అసలు ప్రతిలో ఉన్న చివరి పేజీన్నర ప్రవీణ ఇచ్చిన ప్రతిలో లేదు. నీరజాక్షికి ఫోన్ చేసి అడగండి, లేకుంటే ఎక్కనియ్యనని, ఆ పత్రం తెచ్చిన మురళీధర్‌తో దామోదర్ తేల్చేశాడు.

మురళీధర్‌కి ఫోను భయం ఒకటైతే, ఆ పేజీన్నర మీద మమకారం ఇంకొకటి. ఎందుకు తీసేశావని ప్రవీణని కాస్త కటువుగానే అడిగాడు.

"దవాఖానాల గట్ల ఎవ్వరు మాట్లాడరు సార్. పాణం పోయినంక పక్కనున్న మనిషి ఊకుంటది. పేజీన్నర ఉపన్యాసం ఇయ్యది. ఆడామె అయ్యుండి గిట్లెట్ల రాసిందో."

ఆయన మెట్ల మీదికి వెళ్ళి, ఫోను చెవికి ఆనించుకుని, ఎవరూ లేని ఫోనుకి రెండు నిమిషాలు తల ఊపాడు. మానవత్వం గురించి ఆయమ్మ చెప్పే ఆ మాటలు ఆరు నెలలు చెక్కుకున్నవి. అసలు ఆ ఏకపాత్ర రాసిందే వాటికోసం. ఇంకా స్టేజీయే ఎక్కని పిల్ల కత్తెర పెడితే ఊరుకోవాలా అని ఒళ్ళు మండింది. లోపలికి వచ్చి, ఆవిడ ఒప్పుకోలేదు, చివరి పేజీన్నర ఉండి తీరాలన్నారు అని చెప్పేశాడు.

ప్రవీణ వాదించలేదు. అసలు ప్రతిలోంచి ఆ పేజీన్నర తీసుకుని నిలబడి ఒకసారి చదివింది. దారికొచ్చిందనుకున్నాడు మురళీధర్. ఆమె కాగితం మడిచి ఆయన చేతిలో పెట్టి, ఒంటి మీది ఆయమ్మ వేషం కోటు విప్పడం మొదలుపెట్టింది.

"పోయేటోళ్లను నేను రోజు సూస్త సార్. ఈ ముక్కలు నా నోట్ల అబద్ధమైతయి. నాతోని కాదు, అమ్మను తోలుకోని పోత."

టైము మూడూ యాభై రెండు. దామోదర్ లిస్టులో ఆమె పేరు కొట్టేయడానికి పెన్ను తీశాడు. నోరు విప్పితే ఇన్నేళ్ళ పరువు పోతుంది. విప్పకపోతే ఈ పిల్ల ఇక జన్మలో స్టేజీ ఎక్కదు. ఆ రెండు క్షణాలూ మురళీధర్ తనను తాను అసహ్యించుకున్నాడు.

"ఆగండి దామోదర్ గారూ. నీరజాక్షి ఎవరూ లేరు. అది రాసింది నేనే. ఆ సంతకం కూడా నాదే."

దామోదర్ పెన్ను కింద పెట్టాడు. ప్రవీణ కోటు సగం విప్పి అలాగే ఉండిపోయింది. ఆమె తిడుతుందనుకున్నాడు మురళీధర్. ఆమె అడిగింది వేరు.

"గిదొక్కటి జెప్పుండ్రి సార్. మిగిలిన నాలుగు మంచియేనా?"

ఆయన ఎదురుచూడని ప్రశ్న అది. అబద్ధం ఇక పెగల్లేదు.

"కాదమ్మా. నాది ఎత్తుగా కనపడాలని చప్పవి ఏరి పెట్టాను. గౌతమి అని ఒకమ్మాయి రాసింది ఒకటుంది. నీకోసమే రాసినట్టుంటుంది. అది నీకు చూపించలేదు."

ప్రవీణ కోటు మళ్ళీ తొడుక్కుని, సొంత పేరుతో సంతకం పెట్టండి, టైమైంది అంది. కోతకు ఒప్పుకుంటూ మురళీధర్ సంతకం పెట్టాడు. అసలు రచయిత అనుమతి చేతికందాక దామోదర్ అడ్డం చెప్పలేదు.

మైకులో రచయితగా ఆయన పేరు వినపడింది. జీవితమంతా కలలుగన్న ఆ పిలుపుకి ఆయన తలెత్తలేకపోయాడు. స్టేజీ మీద ప్రవీణ తక్కువ మాట్లాడింది. రోగి పోయాక దుప్పటి సర్ది, మంచం పక్కనే కూర్చుని ఊరుకుంది. పేజీన్నర ఉండాల్సిన చోట ఒక్క మాట లేదు. హాల్లో దగ్గు కూడా వినపడలేదు. కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తన ఏకపాత్ర అక్కడితోనే పూర్తయిందని, ఆ సంగతి రాసిన తనకే తెలియలేదని మురళీధర్‌కి అర్థమైంది. సిగ్గు మాత్రం అలాగే ఉంది.

టీ దగ్గర జనం ప్రవీణను చుట్టుముట్టారు. లాలాపేట్ నుంచి వచ్చిన ఒకావిడ మురళీధర్‌ని చూసి దగ్గరకొచ్చి, మా అమ్మాయికి కూడా ఇలాంటిది ఒకటి చెప్పండి, మీరేది చెబితే అదే వేయిస్తాం అంది. ఆయన పక్కనే నిలబడ్డ ప్రవీణ వైపు చూశాడు.

ప్రవీణ టీ కప్పు కింద పెట్టింది. గొంతులో కోపం లేదు.

"సారు మంచిగనే జెప్తరమ్మా. గని రాసింది ఎవరో ముందుగాల అడుగు."

ఆవిడ నిజంగానే అడిగింది. మురళీధర్ గౌతమి పేరు చెప్పాడు. ఆవిడకు అది చాల్లేదు, ప్రవీణ వైపు తిరిగి, నిజమేనా అమ్మా అంది.